‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాల జాబితా’ గారికి ఒక అరకొర పాఠకుడి ఉత్తరం

మహారాజశ్రీ ‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాల జాబితా’ గారికి, హైదరాబాదు నల్లకుంట నుంచి ఒక అరకొర పాఠకుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. రచయితలు తమ పుస్తకం తామే అచ్చు వేయించుకుని, తామే మోసుకుని, తామే పంచిపెట్టుకుంటున్న కాలంలో కూడా మీకు ఏ లోటూ రాలేదు. డిసెంబరు వచ్చిందంటే చాలు, దిష్టి తగిలేంత నిగనిగలాడుతూ దిగుతారు. ఒక ఏడు యాభై, ఒక ఏడు వంద, ఈసారైతే ఏకంగా ‘చనిపోయేలోపు చదవాల్సినవి’. అయ్యా, చనిపోయేలోపు కట్టాల్సిన ఇంటి లోను ఒకటి ఉంది నాకు. దాని పక్కన మీరు కూడానా?

అసలు గొడవ మిర్చి బజ్జీల దగ్గర మొదలైంది. ఇందిరా పార్కు పక్కన ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండగ. నేను, మా బావమరిది, మా పై వాటాలో ఉండే రిటైర్డు లెక్చరర్ గారు ముగ్గురం వెళ్లాం. పెద్దాయన సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో పాత సభ్యుడు. ఆ గ్రంథాలయం పెట్టింది 1901లో. ఈయన మాట్లాడుతుంటే ప్రారంభోత్సవానికి కూడా వెళ్లొచ్చినట్టే ఉంటుంది. స్టాళ్లన్నీ తిరిగి, కాళ్లు పీకి, బజ్జీల బండి దగ్గర నిలబడ్డాం. పెద్దాయన నా సంచీలోకి తొంగిచూశారు. అందులో రెండు హాస్య కథల పుస్తకాలు, ఒక వంటల పుస్తకం ఉన్నాయి. ఆయన మొహం జాతకంలో దోషం కనబడ్డ పంతులు గారిలా అయిపోయింది.

“కన్యాశుల్కం చదివావా?”

“ఆ, చిన్నప్పుడెప్పుడో చదివానండీ.”

“ఏ కూర్పు?”

ఇది మీ మనుషులు వేసే వల. గురజాడ వారి నాటకం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. ఆ తర్వాత ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. కాబట్టి ‘చదివాను’ అనగానే సరిపోదు, ఏది చదివావో చెప్పాలి. గిరీశం మాటలు నాలుగు నోటికొస్తే నాటకం చదివినట్టే అనుకునే నాలాంటి వాడికి అక్కడ దారి మూసుకుపోతుంది. బజ్జీ మొత్తం నోట్లో కుక్కుకున్నాను. అంగిలి కాలింది. కాలితే కాలనీ. మాట్లాడక్కర్లేకుండా పోయింది, అదే పదివేలు.

మా బావమరిది మాత్రం ధైర్యస్థుడు. మాదాపూర్‌లో ఉద్యోగం. “అంకుల్, అంత టైమ్ ఎవరికుంది? నేను వారానికో పుస్తకం ఫినిష్ చేస్తా. పదిహేను నిమిషాల సారాంశం ఉంటది, ఒకటిన్నర స్పీడులో పెట్టి మెట్రోలో వింటా” అన్నాడు. అంటే పది నిమిషాలకో పుస్తకం. పెద్దాయన బండి వాడి స్టూలు లాక్కుని కూర్చున్నారు. మంచినీళ్లు ఇప్పించాం.

జాబితా గారూ, మీలో నన్ను బాధపెట్టేది ఆ వంద అంకె కాదు. మీ వల్ల మా నోళ్లలోకి వచ్చి చేరిన ‘ఇంకా’ అనే రెండక్షరాలు. “అయ్యో, ఇంకా చదవలేదా?” ఈ ‘ఇంకా’ను నేను ఎరుగుదును. “ఇంకా పెళ్లి కాలేదా?” “ఇంకా సొంతిల్లు కొనలేదా?” అన్న చోట్ల నన్ను పట్టుకున్నది ఇదే. ముప్పై ఏళ్లు తప్పించుకు తిరిగితే ఇప్పుడు పుస్తకాల సంచీ పట్టుకుని వచ్చింది. దానికి విరుగుడుగా మేము కనిపెట్టిన మాట ‘చిన్నప్పుడు’. ఎవర్నడిగినా ఆ పెద్ద పుస్తకాలన్నీ చిన్నప్పుడే చదివేశారు. గోలీలాటకీ గాలిపటాలకీ మధ్య సందు చూసుకుని ఈ ఊరి పిల్లలంతా వెయ్యి పేజీల నవలలు చదివారని నమ్మాలి మరి.

వెయ్యి పేజీలంటే గుర్తొచ్చింది. మీరు ప్రతిసారీ మొదటి మూడింట్లో కూర్చోబెట్టే ‘వేయిపడగలు’ సంగతి ఒప్పేసుకుంటాను. విశ్వనాథ వారు దాన్ని 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారని చెబుతారు. నేను దాన్ని 22 ఏళ్లుగా చదువుతున్నాను. నలభై ఒకటో పేజీలో ఉన్నాను. పి.వి. నరసింహారావు గారు రాష్ట్రంలో మంత్రిగా ఉన్న రోజుల్లోనే దాన్ని హిందీ చేశారు, 1968లో అచ్చయింది కూడా. ఆయనకు శాఖలు, ఫైళ్లు, పార్టీ గొడవలు ఉన్నాయి. నాకు నెలకో ఈఎంఐ ఉంది. అయినా ఆయనకు తీరిక దొరికింది, నాకు దొరకలేదు. దీనికి నా దగ్గర సమాధానం లేదు.

అలాగని ఆ పుస్తకం వృథాగా పడిలేదు. ఇంటి నుంచి పని మొదలైనప్పుడు మీటింగుల్లో నా గడ్డమూ ముక్కు రంధ్రాలే కనబడుతున్నాయని మేనేజరు అన్నాడు. లాప్‌టాప్ కింద రకరకాలుగా పెట్టి చూశాను. ప్రెషర్ కుక్కర్ డబ్బా ఎత్తు ఎక్కువైంది, నిఘంటువు చాలలేదు. వేయిపడగలు పెట్టాక కెమెరా సరిగ్గా కళ్లకు సమంగా వచ్చింది. “ఇన్నాళ్లకు ఆ పుస్తకం మీ స్థాయి పెంచింది” అంది మా ఆవిడ. ఆమె మాటల్లో వ్యంగ్యం ఉందా అని అడగలేదు.

మరి నేనసలు ఏం చదివాను? అదీ చెబుతాను. మా చిన్నప్పుడు, అంటే నిజంగా చిన్నప్పుడు, వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. డిటెక్టివ్ నవల ఒక రోజుకు అర్ధ రూపాయి. రాత్రికి రాత్రి పూర్తి చేస్తే సరే, లేకపోతే మర్నాడు మరో అర్ధ రూపాయి. అర్ధ రూపాయి ఆదా చేయాలన్న తాపత్రయంతో వచ్చిన స్పీడది, ఏ జాబితా వల్లా వచ్చింది కాదు. సోషల్ పుస్తకం మధ్యలో సరిగ్గా పట్టేంత సైజులో అచ్చు వేసేవాళ్లు. ప్రచురణకర్తలు పిల్లల అవసరం తెలిసిన పుణ్యాత్ములు.

మా అమ్మ ఇంకో రకం. వారపత్రికల్లో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచేది. నవల పూర్తయ్యాక దబ్బనంతో గోనె దారం పెట్టి కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. అలాంటివి ట్రంకు పెట్టె నిండా ఉండేవి. వాటిల్లో ఒకదానికి 17వ వారం లేదు. పక్కింటావిడ అడిగి పట్టుకెళ్లి, ఆ పేజీల్లో పకోడీలు పొట్లం కట్టిందని అమ్మ అనుమానం. ఆ పుస్తకం ఎవరికి ఇచ్చినా అమ్మ ఒక షరతు పెట్టేది. “పదహారు అయ్యాక నా దగ్గరకి రా, పదిహేడు నేను చెప్తా.” వాళ్లు వచ్చేవాళ్లు. అమ్మ బియ్యం ఏరుతూ ఆ వారం కథ చెప్పేది. ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మా మేనత్తకు చెప్పిన 17వ వారంలో హీరోయిన్ ఉద్యోగంలో చేరింది, నాకు చెప్పినప్పుడు చేరలేదు. అచ్చులో అసలు ఏం జరిగిందో పకోడీలకే తెలియాలి. జాబితా గారూ, మీ వందలో మా అమ్మ చదివింది ఒక్కటీ లేదు. మా వంశంలో ఆవిడంత చదివిన మనిషీ లేరు.

హాస్యం విషయంలోనూ మీతో పేచీ ఉంది. బారిష్టర్ పార్వతీశాన్ని మీరెప్పుడూ తొంభై దాటాకే వేస్తారు. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చోబెట్టే దూరపు చుట్టంలాగ. మొదటి భాగం వచ్చింది 1924లో. వందేళ్లుగా జనాన్ని నవ్విస్తున్నాడు పాపం, యాభైలోపు ఒక పీట వేయలేరా? ఏడిపిస్తేనే గొప్పా?

మీ పుస్తకాల అసలు పరిస్థితి తెలియాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ రావాలి. షాపుల షట్టర్లన్నీ దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు గుట్టలు పోస్తారు. డిటెక్టివ్ నవలలకు అట్టలుండవు. వంటల పుస్తకాలకు పసుపు మరకలు. ప్రేమ నవలల్లో కొన్ని పేరాల కింద ఎర్ర గీతలు, ఒక దాంట్లోనైతే ఎండిన మల్లెపూవు. మీ వందలోవి మాత్రం మడత నలగకుండా, వెన్ను విరగకుండా పెళ్లికూతుళ్లలా ఉంటాయి. ఒకటి తీసి చూశాను. మొదటి పేజీలో ‘వివాహ సందర్భంగా ఆశీస్సులతో’ అని ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది. తర్వాతి పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. రేటెంతన్నాను.

“నూటేబై సాబ్. ఏక్‌దమ్ నయా మాల్. ఎవ్వరూ ముట్టలే.”

ఇంత నిజాయితీగా పుస్తక సమీక్ష చేసినవాణ్ని నేను చూడలేదు. బేరం ఆడకుండా కొన్నాను. నేనూ ముట్టలేదు.

మీ జాతి మొత్తం మీద నాకు పగ ఉందనుకోకండి. ఒక్క జాబితాకు మాత్రం నేను లేచి నిలబడతాను. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి గారు నోటితో జవాబివ్వలేదు. ఊరూరి నుంచీ వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. అది మనవాళ్లున్నారని చూపించడానికి వేసిన లెక్క. మీ లెక్కేమో ఎదుటివాడు చదవలేదని తేల్చడానికి. పైగా ఆ 354 మంది ఊళ్ల వైపు మీ చూపు ఎంత మాత్రం తిరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉత్తరం పెద్దదవుతోంది, ఆ పంచాయితీ ఇంకోసారి.

నిజంగా తప్పక చదివేవాళ్లను చూడాలనుంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి రండి. పొద్దున్నే టిఫిన్ బాక్సులతో వస్తారు, రాత్రి దాకా కదలరు. కుర్చీ కోసం కొట్లాటలు. ఇంత శ్రద్ధగా చదివే జనం ఉన్న ఊరు ఇంకోటి ఉండదని మురిసిపోయి ఒకబ్బాయి చేతిలోకి తొంగిచూశాను. పాలిటీ. పక్కమ్మాయిది ఎకానమీ. ఆ వెనక తెలంగాణ ఉద్యమ చరిత్ర, బిట్ల రూపంలో. నవలల బీరువా దగ్గర మాత్రం ప్రశాంతంగా ఉంది. వాళ్లనేమీ అనను. నోటిఫికేషన్ పడితే తప్ప బతుకు కదలని పిల్లలకు, చెప్పినట్టు చదివించే దమ్ము ఒక్క సిలబస్‌కే ఉంది. మీరు దాని ముందు ఏ మూలకి?

ఇంత రాశాక ఒక విషయం దాచడం న్యాయం కాదు. మొన్న సంక్రాంతి సెలవులకు ముందు మా అన్నయ్య కూతురు వచ్చింది. ఖమ్మం పిల్ల, ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. కాఫీ తాగుతూ ఊరికే అడిగింది, “బాబాయ్, తెలుగులో ఏదన్నా మంచి పుస్తకం చెప్పవా?”

అంతే. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “ముందు నువ్వు తప్పక చదవాల్సింది...” అని మొదలుపెట్టాను. వేలు మడుస్తూ పోయాను. రెండు చేతుల వేళ్లూ అయిపోయి పదకొండో పుస్తకం దగ్గర కాలి వేళ్ల వైపు చూస్తుంటే మా ఆవిడ దగ్గింది. ఆ పదకొండులో నేను చదివినవి నాలుగు. పిల్ల శ్రద్ధగా ఫోన్లో రాసుకుని, “మొదటిది నీ దగ్గరుందా?” అంది. ఉంది. లాప్‌టాప్ ఎత్తి తీసిచ్చాను. “చదివేశావా బాబాయ్?” అంది. ఏమన్నానో మీకు చెప్పక్కర్లేదు. ‘చిన్నప్పుడు’ అన్నాను.

వెళ్తూ ఒక చేత్తో వేయిపడగలు, ఇంకో చేత్తో మా ఆవిడ పెట్టిన ఉసిరికాయ పచ్చడి సీసా పట్టుకుని ఆటో ఎక్కింది. ఆ సాయంత్రం మీటింగులో మళ్లీ నా గడ్డమూ ముక్కు రంధ్రాలే కనబడ్డాయి.

కాబట్టి మీ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఎవరో కాదు, కాఫీ కప్పు పట్టుకున్న నేనేనని తేలింది. ఆ పదకొండులో మిగతా ఏడు పుస్తకాలూ నేను ఎప్పుడు చదివానో కనుక్కునే పనిలో మాత్రం దయచేసి ఎవరినీ పెట్టకండి.

ఇట్లు,
నలభై ఒకటో పేజీ నుంచి,
మీ విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం రాసి పోస్టు చేయకుండా మూడు వారాలు అట్టే పెట్టాను. ఇంతలో ఇవాళ పొద్దున పిల్ల దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. “బాబాయ్, పసిరిక గురించి నువ్వేమంటావ్?” అని. ఈ కాలం పిల్లలకు ‘ఉ’ రాయడం కూడా రావట్లేదని బాధపడి వెంటనే జవాబిచ్చాను. “ఈసారి ఉప్పు తక్కువైందమ్మా, ముక్క కూడా సరిగ్గా ఊరలేదు. పిన్నికి మాత్రం చెప్పకు.” రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వంటింట్లో మా ఆవిడ ఫోను మోగింది. పావుగంట నుంచి ఆగకుండా నవ్వుతూనే ఉంది. వెళ్లి అడిగే ధైర్యం లేదు. పసిరిక ఎవరో, ఎన్నో పేజీలో వస్తాడో తిరుగు టపాలో తెలియజేయగలరు.