నా రౌటర్ పోలేదు, మీ బాక్సు మారింది

రెండు రోజుల తర్వాత ఇప్పుడే నెట్ వచ్చింది. ఎవరో వచ్చి బాగుచేస్తే కాదు, నేనే కూర్చుని చేసుకున్నాను. ఒళ్లు మండిపోతోంది.

సోమవారం సాయంత్రం ఫైబర్ కంపెనీ అబ్బాయి వచ్చి గోడకున్న పాత బాక్సు తీసి కొత్తది బిగించి వెళ్లాడు. ఆ రాత్రి నుంచే మా రౌటర్‌లో నెట్ లేదు. వైఫై ఫుల్లుగా చూపిస్తుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ ఒకటే మాట, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం." చేశానండీ, చేశాను! మంగళవారం మళ్లీ ఆ అబ్బాయే వచ్చాడు. బాక్సు లైట్లు చూసి "మా వైపు అంతా ఓకే మేడం, మీ రౌటర్ పోయింది, కొత్తది తీసుకోండి" అన్నాడు. రెండేళ్లు కూడా నిండని రౌటర్! కనీసం ఒక ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి చూడలేదు.

ఇవాళ పొద్దున నేనే పెట్టి చూశాను. బాక్సు నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెడితే నెట్ వస్తోంది, రౌటర్ మీదుగా రావట్లేదు. బాక్సు తిరగేసి కింద స్టిక్కర్ చదివాను. నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, అంటే ఐపీ, 192.168.1.1. మా రౌటర్ స్టిక్కర్ మీదా అదే. పాత బాక్సుది 192.168.100.1, అందుకే ఇన్నాళ్లూ గొడవ లేదు. బయటివైపూ లోపలివైపూ ఒకటే నెట్‌వర్క్ అయిపోతే ఏ ప్యాకెట్ (డేటా ముక్క) ఎటు పంపాలో రౌటర్‌కి ఎలా తెలుస్తుంది? 192.168.1.1కి పంపమంటే అది తన సొంత అడ్రసే కదా! సెట్టింగ్స్‌లో లాన్ ఐపీని, అంటే రౌటర్ లోపలివైపు అడ్రసుని, 192.168.5.1గా మార్చి సేవ్ కొట్టాను. రీస్టార్ట్ అయింది, నెట్ వచ్చేసింది. ఐదు నిమిషాల పని. దీనికి రెండు రోజులు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆఫీసు మీటింగులు, టెన్షన్.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. నిరుడు ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటోందని కెమెరాలు, వాటి రికార్డింగ్ పెట్టె డీవీఆర్ పెట్టించాను. కనెక్షన్ ఈ కంపెనీదే. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రౌటర్ దాటించి కెమెరాల దాకా పంపే సెట్టింగ్, పోర్ట్ ఫార్వర్డింగ్, ఎన్నిసార్లు చేసినా ఇక్కణ్నుంచి కనిపించదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి స్టూలెక్కి, ఒక చేత్తో టార్చి పట్టుకుని, స్టిక్కర్ మీది అంకెలు ఒక్కొక్కటే ఫోన్‌లో నాకు చదివి చెప్పింది. వచ్చినవాడేమో "డీవీఆర్ పోయిందమ్మా, మీకివి అర్థం కావు" అన్నాడు. మార్పించాం. అయినా అంతే. సంక్రాంతికి వెళ్లినప్పుడు రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటివైపు అడ్రసు) చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి, ఇంటర్నెట్‌కి కనిపించే ఒకే అడ్రసుని (పబ్లిక్ ఐపీ) చాలా ఇళ్లకి పంచుకోవడానికి 2012లో కంపెనీల కోసం పక్కన పెట్టిన అడ్రసులు. సీజీనాట్ అంటారు. పాతరకం ఐపీ అడ్రసులు (ఐపీవీ4) మొత్తం సుమారు 429 కోట్లే, పంచుకోక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ బయటి నుంచి వచ్చే కనెక్షన్ మీ ఇంటిదాకా రాదని మొదటిరోజే చెప్పొచ్చు కదా? మారని సొంత పబ్లిక్ అడ్రసుకి, అంటే స్టాటిక్ ఐపీకి, విడిగా కట్టాలన్న ముక్క, మేం డీవీఆర్ కొన్నాక చెప్పారు. మా అమ్మకి అర్థం కాకపోవడం కాదు, మీరు చెప్పలేదు!

ఇది రాస్తుండగానే ఆ అబ్బాయి ఫోన్. "మేడం, ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి, కంప్లైంట్ క్లోజ్ చేయాలి." చెప్పలేదు. బాక్సుతో పాటు అడ్రసు మారిందని, రౌటర్ బాగానే ఉందని రిపోర్టులో రాయి బాబూ, అప్పుడు చెప్తాను అన్నాను. పైవాళ్లని అడిగి చేస్తానని పెట్టేశాడు.