బరువుంటే తాడెందుకు అంటారా?

"ముప్పై ఏళ్ల అనుభవమున్న లారీ డ్రైవరన్న చెప్పిన రహస్యాలు, తప్పకుండా చదవండి" అనే మెసేజ్ మా బడి దోస్తుల గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులో వచ్చింది, కాజీపేటలో ఉండే మా బావ విడిగా కూడా పంపాడు. బండి ఎట్లా నిలపాలి, లోడు ఎట్లా కట్టాలి అని అందులో ఏడు పాయింట్లున్నాయి. ఆ డ్రైవరన్నకు పేరు లేదు, ఊరు లేదు. నిజంగా ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టినాయనైతే మూడో పాయింటు రాయడు. అందుకే వరస తప్పినా ముందు దాని సంగతే చూద్దాం.

"తేలిక సామాను ఎగిరిపోతుంది కాబట్టి కట్టాలి. గ్రానైట్, ఇనుము లాంటి వాటికి తాడు అక్కర్లేదు, వాటి బరువే వాటికి తాడు." ఇదీ ఆ పాయింటు. వినడానికి బాగుంది, అందుకే జనం నమ్ముతున్నారు. కరీంనగర్, మహబూబాబాద్ రోడ్ల మీద తిరిగేవాళ్లకు గ్రానైట్ దిమ్మెల లారీలు కొత్త కాదు. ఒక ఘనపు మీటరు గ్రానైట్ దాదాపు 2.7 టన్నులు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తున్న దిమ్మె 24 టన్నులు దాటుతుంది. ఇంత బరువు ఎక్కడికి పోతుందిలే అనిపిస్తుంది. లారీ నిలబడి ఉన్నంతసేపు ఎక్కడికీ పోదు, నిజమే.

లెక్క సులువుగా ఉండటానికి 20 టన్నులే అనుకుందాం. బర్రె అడ్డమొచ్చింది, డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కాడు. అప్పుడు సరుకు తన బరువులో దాదాపు సగం బలంతో ముందుకు తోసుకొస్తుంది, అంటే 10 టన్నులు. దుమ్ము పట్టిన ఇనుప ఫ్లోరు మీద రాయికుండే పట్టు బరువులో మూడో వంతు కూడా ఉండదు. 6 టన్నులు వేసుకోండి. మిగిలిన 4 టన్నుల తోపును ఎవరు ఆపాలి? గొలుసు లేకపోతే డ్రైవరు వెనకున్న క్యాబిన్ రేకు ఆపాలి. ఇదే లెక్క ఒక టన్ను దిమ్మెకు వేయండి: తోపు 500 కిలోలు, పట్టు 300, తేడా 200. బరువుతో పాటు పట్టు పెరిగింది, తోపూ అంతే పెరిగింది. పెరగనిది ఒక్క క్యాబిన్ రేకు గట్టిదనమే. అంటే బరువు సరుకుకు తాడు అక్కర్లేదనే మాట తప్పు మాత్రమే కాదు, పూర్తిగా తలకిందులు. ఎంత బరువుంటే అంత గట్టి కట్టు కావాలి. యూరప్ ప్రమాణాల్లోనైతే సరుకు బరువులో 80 శాతం బలం ముందుకు, 50 శాతం పక్కలకూ వెనక్కూ వస్తుందని లెక్కేసి కట్టమంటారు. వానకు తడిసి, రాతి పొడి బురదలా మారిన ఫ్లోరు అయితే పట్టు ఇంకా తగ్గుతుంది. మూల మలుపులో సరుకు పక్కకు జారుతుంది. ఎత్తుగా ఉన్నదైతే జారకముందే ఒరుగుతుంది.

2022 డిసెంబరు ఆఖర్లో మహబూబాబాద్ జిల్లా కురవి మండలంలో లారీ మీది గ్రానైట్ రాళ్లు పక్కనున్న ఆటో మీద పడి మనుషులు చనిపోయారు. అందులో తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. కానీ ఆ రోడ్డు మీదే రోజూ తిరిగే మనం, బరువు రాయి కదలదని చెప్పే మెసేజ్‌కు దండం బొమ్మ పెట్టి ముందుకు తోస్తున్నాం. దిమ్మెను గొలుసులతో అడ్డంగా, ఐమూలగా బిగించాలి. కింద ముందూ పక్కలా కదలకుండా అడ్డు దిమ్మలు పెట్టాలి. గొలుసైనా బెల్టైనా రాతి అంచుకు నేరుగా తగలకుండా మధ్యన మందపాటి రబ్బరు ముక్క వేయాలి. ఇవి రహస్యాలు కావు, లోడింగ్ దగ్గర పనిచేసే ఎవరినడిగినా చెబుతారు.

నాలుగో పాయింటు దీనికి తోబుట్టువు. "లోడు కదులుతుందని అనుమానముంటే పైన ఇద్దరు కూలీలను కూర్చోబెట్టండి." అబ్బ, ఎంత తెలివి! ఐదు టన్నుల వడ్ల బస్తాలను ఆపడానికి నూట నలభై కిలోల మనుషులు. బస్తాలు జారితే ఆ ఇద్దరు ఏం పట్టుకుంటారట? గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ముందుకు విసిరేస్తే తగిలే దెబ్బ రెండంతస్తుల మేడ మీద నుంచి పడ్డట్టుంటుంది. దానికి తోడు పైన కరెంటు తీగలు. పత్తి కాలంలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో డీసీఎం వ్యాన్ల మీద, మేడారం జాతరప్పుడు ట్రాక్టర్ల మీద ఇప్పటికే చాలినంత మంది కూర్చుంటున్నారు. వాళ్లకు బండి దొరక్క కూర్చుంటున్నారు. ఈ మెసేజ్ రాసినాయనేమో వాళ్లను సామాను కింద లెక్కగడుతున్నాడు.

ఇక మొదటి పాయింటు. "గేరులో పెట్టి కారు ఆపితే గేర్‌బాక్స్ పోతుంది, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేకు వేస్తే చాలు." పోదు. ఆగి ఉన్న బండిలో గేరు వేస్తే ఇంజను చక్రాలను తిరగనివ్వదు, అంతే. ఎక్కుడు మీదైతే ఫస్ట్ గేరు, దిగుడు మీదైతే రివర్స్. హ్యాండ్‌బ్రేకు కేబుల్ సాగితే గేరు కాపాడుతుంది. ఆటోమేటిక్ అయితే ముందు హ్యాండ్‌బ్రేకు లాగి, ఆ తర్వాత పార్క్‌లో పెట్టాలి. లేకపోతే కారు బరువంతా గేర్‌బాక్స్ లోపల అడ్డుపడే ఒక చిన్న పన్ను మీద పడుతుంది. కొండగట్టు వంటి చోట వాలులో ఆపేవాళ్లకు ఇది చాలా అవసరం. మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ కూడా డ్రైవరు లేనప్పుడు బండి దానంతటది కదలకుండా చూడటం నడిపేవాళ్ల బాధ్యతే అంటుంది.

టైరు వెనక రాయి పెడితే ఏ బండైనా కదలదనేది రెండో పాయింటు. గుండ్రాయి దొర్లుతుంది, లేదా టైరు దాని మీదెక్కి దిగుతుంది. ముక్కోణం చెక్క కావాలి, వాలు వైపున టైరుకు బాగా ఆనించి పెట్టాలి. ట్రాక్టర్ ట్రాలీలకు చాలావాటికి సొంత బ్రేకులే ఉండవు కాబట్టి, కొక్కెం తీసే ముందే రెండు వైపులా పెట్టాలి. పంక్చరైతే ఇంకో చిక్కుంది. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలకే. వెనక చక్రాన్ని జాకీ మీద లేపితే హ్యాండ్‌బ్రేకు పట్టులో సగం గాల్లో ఉంటుంది. కాబట్టి ముందు చక్రాలకు చెక్క తప్పదు. అన్నిటికంటే నాకు మండేది ఏమిటంటే, పెట్టిన రాయిని రోడ్డు మీదే వదిలేసి పోవడం. రాత్రి వెనక బైకు మీద వచ్చేవాడికి అది కనబడదు.

ఆరోది పడవ గురించి. గట్టుకు బిర్రుగా కట్టేయాలట. ఇది రాసినాయన నీళ్లు బకెట్లో తప్ప ఎక్కడా చూసినట్టు లేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అట్లాంటి రాత్రి చెరువు పెరిగితే బిర్రుగా కట్టిన పడవ ముక్కు కిందికి లాగబడి నీళ్లు నిండుతాయి. తాడు ముందూ వెనకా రెండు చోట్ల, నీటిమట్టం మారినా సరిపోయేంత వదులుతో ఉండాలి.

ఏడోది టైర్ల కింద నిమ్మకాయలు. దాటేద్దాం.

ఐదో పాయింటు దగ్గర మాత్రం ఆగాను. "కొత్త రాట్చెట్ బెల్టులు దండగ, పాత తాడే మేలు" అని ఉంది. రాట్చెట్ బెల్టంటే మీటతో బిగించే పట్టీ. దీన్నీ ఉతికేద్దామనుకున్నా కానీ, సగం ఒప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బెల్టుల్లో కొన్నిటికి ఎంత లాగుడు తట్టుకుంటాయో చెప్పే చీటీ కూడా ఉండదు. అలాంటి బెల్టు కంటే మన హమాలీలు మెలిక వేసి, ఒంటి బరువంతా వేసి గుంజి కట్టే తాడు ముడి నయం. బస్తాలకు, పత్తికి అది చాలు. గ్రానైట్‌కు, ఇనుముకు మాత్రం చాలదు. పైగా నైలాన్ తాడు సాగుతుంది, పత్తి కుదుపులకు అణుగుతుంది. అందుకే మండీ నుంచి బయల్దేరిన కాసేపటికే బండి ఆపి మళ్లీ బిగించాలి. ఇది మెసేజ్‌లో లేదు.

మెసేజ్ చివర "పది మందికి పంపండి" అని ఉంది. బావా, పంపకుండా ఉండలేకపోతే ఆ మూడు, నాలుగు తీసేసి పంపు. నిమ్మకాయ ఉంచుకో, పరవాలేదు.