ఎనిమిది కళ్ల కాపలా

మాది సామాన్లు దాచుకునే గదులు అద్దెకిచ్చే వ్యాపారం. పొడుగాటి రేకుల షెడ్డు, మధ్యలో నడవా, రెండు వైపులా వరసగా షట్టర్లు. ఎవరి గది వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. లోపల ఏముందో మేం చూడకూడదు. కాబట్టి మా కాపలా అంతా నడవాలో, గేటు దగ్గర, సామాను దింపుకునే చోట. అక్కడ సీసీ కెమెరాలు పెట్టించాలని ఏడాదిగా అనుకుంటున్నాం. బిగించేవాళ్లని పిలుద్దామంటే మా బావమరిది నొచ్చుకున్నాడు. "నాలుగు స్క్రూలు బిగించడానికి మనిషెందుకు బావా? నేను లేనా?" అన్నాడు. వాడుండటమే అసలు సమస్య అని అప్పటికి నాకు తట్టలేదు.

ముందు వైఫై కెమెరాలు తెచ్చాం. ఆఫీసు బల్ల మీద పెట్టి చూస్తే బొమ్మ అద్దంలా ఉంది. నడవాలోకి తీసుకెళ్లగానే ఫోన్లో చక్రం తిరగడం మొదలుపెట్టి మరి ఆగలేదు. గోడలు ఇనుప రేకు, షట్టర్లు ఇనుప రేకు, పైకప్పూ రేకే. బీరువాలో కూర్చుని వీధిలోవాళ్లని పిలిస్తే ఎంత వినిపిస్తుందో ఆ సిగ్నలూ అంతే. వాటిని వెనక్కిచ్చేసి వైరు కెమెరాలు 8 తెచ్చాం.

ఆ వైరు చివర ప్లగ్గు బిగించడం ఒక తపస్సు. లోపల 8 సన్నటి తీగలు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. నారింజ చారలది, నారింజ, పచ్చ చారలది, నీలం, నీలం చారలది, పచ్చ, చివర గోధుమ జంట. ఈ వరస చెదరకుండా వేళ్ల మధ్య నొక్కిపట్టి గోరంత ప్లాస్టిక్ ముక్కలోకి తొయ్యాలి. సరిగ్గా తోసే క్షణంలో నీలం, పచ్చ చోట్లు మార్చుకుంటాయి. పచ్చ జంటని విడదీసి మధ్యలో నీలం జంటని కూర్చోబెట్టిన మహానుభావుడెవరో గానీ, జంటల్ని విడదీసిన పాపం మా వేళ్లకి చుట్టుకుంది. ఆ వైరు 100 మీటర్లు దాటితే పనికి హామీ లేదు. మావాడు అందంగా ఉంటుందని గోడ మూలల వెంట తిప్పితిప్పి చివరి కెమెరాకి 130 మీటర్లు చేశాడు. అది బుద్ధి పుట్టినప్పుడు బొమ్మ చూపించేది. మధ్యలో సిగ్నల్ అందుకుని ముందుకు పంపే నెట్‌వర్క్ స్విచ్ డబ్బా ఒకటి పెట్టాక దారికొచ్చింది.

ఇక ఎత్తు. "ఎవడి చెయ్యీ అందకూడదు" అని 14 అడుగుల మీద, సూటిగా నేలకేసి బిగించాడు. నిజమే, చెయ్యి అందలేదు. మొహమూ అందలేదు. తెర మీద కనపడేవన్నీ నడినెత్తులే. వారం తిరిగేసరికి అద్దెకున్నవాళ్లని నెత్తిని బట్టి గుర్తుపట్టడం అలవాటైంది: రెండు సుడులాయన, వంకర పాపిటావిడ, ఎర్రటోపీ కుర్రాడు.

పగలు నెత్తులు, రాత్రి రాక్షసి. మొదటి రాత్రి రెండింటికి ఫోను మోగింది: నడవాలో కదలిక! చూద్దును కదా, షట్టరంత కాళ్లేసుకుని ఏదో తెల్లటి ఆకారం నడవా మొత్తాన్ని మింగేస్తోంది. టార్చి పట్టుకుని పరుగెత్తాను. అక్కడ పురుగు లేదు. అంటే, ఒకటుంది. కెమెరా వెచ్చగా ఉంటుంది, పైన రేకు నీడ; ఒక సాలీడు సరిగ్గా లెన్సు ముందు గూడు కట్టుకుంది. చీకట్లో చూడ్డానికి కెమెరా వేసే కంటికి కనపడని వెలుగు దాని కాళ్ల మీద పడి తెల్లగా తిరిగొస్తోంది. పొద్దున్నే చీపురు కట్టి దులిపాం. రాత్రికి మళ్లీ కట్టింది. దానికీ ఎనిమిది కళ్లే, మాకూ ఎనిమిది కెమెరాలే. చూపు మాత్రం దానిదే మెరుగు.

ఇంతలో డ్రిల్లింగ్ మిషన్ మాయమైంది. కెమెరాలకి తొలి కేసు! ముగ్గురం తెర ముందు కూర్చున్నాం. కెమెరాల బొమ్మలన్నీ దాచే రికార్డర్ డబ్బా మా ఆఫీసులోనే ఉంటుంది. దానికి గడియారం పెట్టడం మావాడు మర్చిపోయినట్టున్నాడు, మూల 1970 జనవరి 3 అని వస్తోంది. పోనీలే అని చూస్తున్నాం. ఒక నెత్తి వచ్చింది. మధ్యలో పెద్ద సాసరంత బట్టతల. చంకలో మా డ్రిల్లు! అటూ ఇటూ కూడా చూడకుండా తిన్నగా మా ఆఫీసులోకే వెళ్లాడు. వెళ్లిన నిమిషానికి తెర నల్లబడింది.

"చూశావట్రా తెలివి! ముందు రికార్డర్ ప్లగ్గు పీకాడు. వీడెవడో ఆరితేరినవాడు. ఈ బట్టతల వెధవని ఎక్కడో చూశానే" అన్నాను.

బావమరిది దగ్గాడు. "ఆ ప్లగ్గు ఊడి ఉంటే పొద్దున్న నేనే మళ్లీ పెట్టాను బావా" అని నేల చూశాడు. మా ఆవిడ లేచి, రికార్డర్ వెనక చెయ్యి పెట్టి, చార్జర్ వైరుతో సహా డ్రిల్లు బయటికి లాగింది. తర్వాత నా వెనక్కి వచ్చి నిలబడి, ఒకసారి తెర మీదకి, ఒకసారి నా నెత్తి మీదకి చూసింది. నా నడినెత్తి నేనెప్పుడు చూసుకున్నాను గనక!

"తేదీ చూడు, 1970! అప్పటికి నేను పుట్టనే లేదు" అన్నాను.

"పుట్టకముందే ఇంత ఊడిందాండీ?" అంది.