క్యూబులు ఎక్కడ పోశావు?

ఎంటెక్ వైవాలకు, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలకు, ఎగ్జామినర్లుగా వెళ్లొచ్చే ప్రొఫెసర్లను కదిపితే ఇలాంటి సంగతి ఒకటి చెబుతారు. విద్యార్థిది స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. సిమెంటులో కొంత తగ్గించి ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) కలిపిన కాంక్రీటు మీద థీసిస్. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు, లోపల చక్కటి గ్రాఫులు. ఎగ్జామినర్ అడిగింది ఒక్కటే: 'క్యూబులు ఎక్కడ పోశావు నాన్నా? ఎన్ని పోశావు?' ఆ అబ్బాయి, థీసిస్ చేయించిన గైడ్ ముఖం చూశాడు. గైడ్ తలదించుకున్నారు.

కాంక్రీటు క్యూబంటే 15 సెంటీమీటర్ల దిమ్మె. పోసిన మర్నాడు అచ్చు విప్పి నీళ్లలో వేయాలి. 7వ రోజున కొన్ని, 28వ రోజున కొన్ని మెషీన్‌లో పెట్టి పగలగొట్టి బలం రాసుకోవాలి. ఒక మిశ్రమం కుదరకపోతే మళ్లీ మొదటికి. ఈ 28 రోజులను ఎంత డబ్బు పోసినా కుదించలేం. అలాంటిది, రెండు మూడు వారాల్లో మొత్తం థీసిస్ చేతిలో పెడతామనే ప్రాజెక్టు సెంటర్లకు గిరాకీ తగ్గడం లేదు.

నిబంధనలకు లోటేమీ లేదు. ఎంటెక్ అంటే రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, 75 శాతం హాజరు. 2018లో సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ ఇచ్చిన నమూనా సిలబస్ ప్రకారం మొత్తం 68 క్రెడిట్లయితే అందులో 26 థీసిస్‌వే. అంటే డిగ్రీకి ప్రాణం అక్కడే ఉంది. ప్లేజియరిజం, అంటే ఇతరుల రాతల కాపీ మీద అదే ఏడాది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) గట్టి నిబంధనలే తెచ్చింది. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే థీసిస్ దిద్దుకురావాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ సాఫ్ట్‌వేర్ పట్టుకునేది కాపీ కొట్టిన వాక్యాలను. డబ్బు తీసుకుని ఇంకొకరు కొత్తగా రాసిచ్చిన థీసిస్‌ను అదెలా పట్టుకుంటుంది? ఆ పని వైవాలో ప్రశ్నలు అడిగే మనిషే చేయాలి.

ఇది ఆ ఒక్క విద్యార్థి సమస్యగా వదిలేయలేం. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్ మీద ఎంటెక్ ఉండాలి. క్యూబు పోయని ఆ చేతులే రేపు బీటెక్ పిల్లలకు క్యూబు పోయడం నేర్పాలి.

అలాగని తప్పంతా పిల్లల మీదకు నెట్టలేం. జాతీయ స్థాయి గేట్ పరీక్ష స్కోరుతో చేరినవారికి ఏఐసీటీఈ నుంచి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తోంది. ఏళ్ల తరబడి అంతే. రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ రాసి చేరినవారికి అదీ లేదు. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు, ఇంటికి పంపాల్సిన డబ్బు తలుచుకుంటేనే టెన్షన్. చాలామంది ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోయి పరీక్షలకు మాత్రం వస్తున్నారు. కాలేజీలు ఆ హాజరును సర్దేస్తున్నాయి. కడుపు నిండని వాడు ల్యాబ్‌లో ఎన్నాళ్లు నిలబడతాడు? ముందు స్టైపెండ్ పెంచాలి. పీజీఈసెట్ ద్వారా చేరినవారిలో కనీసం యూనివర్సిటీ కాలేజీల్లో చదివేవారికైనా ఇవ్వాలి. ఈ రెండోది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తలుచుకుంటే అయ్యే పనే.

ఇక యూనివర్సిటీలు చేయాల్సింది. హైదరాబాద్, కాకినాడ, అనంతపురం, విజయనగరం జేఎన్‌టీయూలు వచ్చే బ్యాచ్ నుంచే వైవాను ఆఫీసు గది నుంచి ల్యాబ్‌కు మార్చాలి. బైండింగ్ కంటే ముందు తేదీలతో, చేతిరాతతో ఉన్న ల్యాబ్ నోట్‌బుక్ చూడాలి. కంప్యూటర్ సైన్స్ వాళ్లయితే ప్రోగ్రామ్ అక్కడే నడిపి చూపాలి. మూడో సెమిస్టర్ చివరే ఒకసారి బయటి ఎగ్జామినర్‌ను పిలిస్తే, దారి తప్పినవారికి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. ఒక్కో గైడ్ కింద ఎందరున్నారో కూడా లెక్క తీయాలి. సివిల్ విభాగాల్లోనైతే, పగలగొట్టిన క్యూబుల ముక్కలను నంబర్లు వేసి వైవా రోజు దాకా ల్యాబ్‌లోనే ఉంచాలి.