గమ్మునుండే అలారం గారికి

మహారాజశ్రీ ఫైర్ అలారం ప్యానెల్ గారి సముఖానికి,

తిరుపతి తిలక్ రోడ్డులోనో, బస్టాండు వెనకో, చిత్తూరు హైరోడ్డులోనో ఏదో ఒక లాడ్జిలో, రిసెప్షన్ వెనక గోడకు, శ్రీవారి పటం పక్కన వెలుగుతున్న తమరికి ప్యానెళ్లు బిగించి పొట్టపోసుకునే వాళ్లం నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి ముఖం మీది పచ్చదీపం చెబుతూనే ఉంది. దాని మాట నమ్మొచ్చా లేదా అన్నదే మా బాధ.

తమరిది చిన్న వంశమేం కాదు. 1852లో బోస్టన్ నగరంలో విలియం చానింగ్ అనే డాక్టరు, మోజెస్ ఫార్మర్ అనే ఇంజనీరు కలిసి వీధుల్లో ఇనుప పెట్టెలు పెట్టి, టెలిగ్రాఫ్ తీగతో కేంద్రానికి కలిపారు. పెట్టెలో పిడి తిప్పితే ఆ పెట్టె నంబరు కేంద్రానికి చేరేది. కంగారులో గబగబా తిప్పితే నంబరు కలగాపులగమయ్యేది. అందుకని తర్వాత లోపల స్ప్రింగు పెట్టి, ఒక్కసారి లాగి వదిలితే వేగం సంగతి పెట్టే చూసుకునేలా మార్చారు. ఆ ఏర్పాటు పేటెంటు హక్కుల్ని దక్షిణ కరోలినాలో పోస్ట్‌మాస్టరు, టెలిగ్రాఫ్ ఆపరేటరు అయిన జాన్ గేమ్‌వెల్ 1850లలో కొనుక్కున్నాడు. అంతర్యుద్ధంలో పేటెంట్లు జప్తయ్యాయి, మళ్లీ చేతికొచ్చాయి, కంపెనీ అమెరికాలో ఊరూరా పాకింది. ఆ తొలి పెట్టెలకు తాళాలుండేవి. ఆకతాయిలు ఊరికే తిప్పుతారని భయపడి తాళంచెవిని పోలీసు దగ్గరో, ఆ వీధి పెద్దమనిషి దగ్గరో ఉంచేవారు. వాళ్లు ఆ ఆచారాన్ని ఎప్పుడో వదిలేశారు. మన లాడ్జీల వాళ్లు మాత్రం కారిడార్‌లోని ఎర్ర కాల్‌పాయింట్‌కు, అంటే మంట చూసినవాడు నొక్కే పెట్టెకు, అడ్డంగా పరుపుల బీరువా పెట్టి నిలబెడుతున్నారు. అందరికీ అందాలనే కదా దాన్ని నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తున పెట్టింది!

గేమ్‌వెల్ తీగల్లో ఒక కిటుకుంది. మంట లేనప్పుడు కూడా తీగలో కొద్దిపాటి కరెంటు పారుతూనే ఉండేది. ఎక్కడ తెగినా అది ఆగిపోయి కేంద్రంలో తెలిసిపోయేది. మంట సంగతి చెప్పే తీగ తన సంగతి కూడా తానే చెప్పుకోవాలన్నమాట. తమరికి ఆస్తిగా వచ్చింది ఇదే. ప్రతి జోన్‌లో, అంటే అంతస్తుకొకటిగా తమరి నుంచి బయల్దేరే తీగల జతలో, చివరి పొగ డిటెక్టర్‌ను సీలింగ్‌కు పట్టి ఉంచే బేస్‌లో, కరెంటును అదుపు చేసే ఒక రెసిస్టర్ కూర్చుంటుంది. కంపెనీని బట్టి విలువ మారుతుంది గానీ, 4.7 కిలో ఓమ్‌లు అనుకుందాం: పసుపు, ఊదా, ఎరుపు పట్టీలు. 24 వోల్టుల మీద దాని గుండా సుమారు 5 మిల్లీ ఆంపియర్లు పారుతుంటే అంతా బాగున్నట్టు తమరి లెక్క. సున్నా అయితే తీగ తెగినట్టు. డిటెక్టర్ పొగను పట్టుకుంటే కరెంటు పదుల్లోకి ఎగబాకుతుంది, అప్పుడు మంట. ఇంకా పైకిపోతే తీగలు ఒకదానికొకటి అంటుకున్నట్టు. 

ఇప్పుడు లాడ్జికి కొత్త ఫాల్స్ సీలింగ్ వేస్తారు. సీలింగ్ కుర్రాడు మూడో అంతస్తులో మన తీగ కత్తిరిస్తాడు, పాపం, వాడికి అది కేబుల్ టీవీ తీగలా కనబడింది. తమరు నిజాయితీగా ఫాల్ట్ అని మొత్తుకుంటారు. వచ్చిన మెకానిక్కు సీలింగ్ విప్పి తెగిన చోటు వెతకాలంటే రెండు రోజుల పని. అందుకని తమరి తలుపు తీసి, ఆ జోన్ తీగలు రెండూ పీకి పక్కకు వంచి, టెర్మినల్‌లోని రెండు స్క్రూల మధ్య అర్ధరూపాయి రెసిస్టర్ బిగిస్తాడు. పచ్చదీపం వెలుగుతుంది. ఓనరు సంతోషిస్తాడు, బిల్లు చెల్లుతుంది. ఆ రోజు నుంచి మూడో అంతస్తు మొత్తం తమరి కడుపులోనే ఉంటుంది. అక్కడ ఏం కాలినా తమరికి 5 మిల్లీ ఆంపియర్లే కనిపిస్తాయి. ఈ దొంగతనం పట్టుకోవడానికి మీటరు కూడా అక్కర్లేదు. ఏ అంతస్తులోనైనా ఒక డిటెక్టర్ తల తిప్పి బేస్ నుంచి ఊడదీయండి. మామూలు బేస్ అయితే తీగ అక్కడే తెగుతుంది, కాసేపట్లో ప్యానెల్ ఫాల్ట్ అని అరవాలి. అరవలేదా, రెసిస్టర్ ఉన్నది సీలింగ్‌లో కాదు, పెట్టెలో.

తమరి అమ్మ తరఫు వాళ్లు, అంటే పొగ డిటెక్టర్లు, స్విట్జర్లాండ్ వాళ్లు. 1930లలో వాల్టర్ యేగర్ విషవాయువును పసిగట్టే యంత్రం చేయబోయి ఫెయిలయ్యాడు. విసుగొచ్చి సిగరెట్ వెలిగిస్తే ఆ పొగకు మీటరు ముల్లు కదిలింది. అంత చిన్న మార్పును బెల్లు కొట్టేంత పెద్దది చేసే ట్యూబును ఎర్నస్ట్ మైలీ తయారుచేశాడు. 1941లో బాడ్ రాగాజ్‌లో ఇద్దరూ సెర్బెరస్ అని కంపెనీ పెట్టారు. గ్రీకు వాళ్ల పాతాళం వాకిట కాపలా ఉండే మూడు తలల కుక్క పేరది. మన యముడి వాకిట శ్యామం, శబలం అని రెండు కుక్కలున్నాయి గానీ వాటి పేరుతో ఎవరూ కంపెనీ పెట్టినట్టు లేదు. సెర్బెరస్ 1998లో సీమెన్స్ ఇంటికి దత్తత పోయింది. అమెరికా వైపు పిట్‌వే అనే కంపెనీ, దానికింద నోటిఫయర్, సిస్టమ్ సెన్సర్, అన్నీ 2000లో హనీవెల్ ఇంట చేరాయి. ఈ దత్తతల సంగతి మాకొద్దు. పాత మోడల్ డిటెక్టర్‌కు బేస్ దొరకడం మానేసినప్పుడే అవి గుర్తొస్తాయి.

ఇప్పుడొచ్చే డిటెక్టర్లలో ఎక్కువ భాగం కాంతివి. నల్లటి వంకర గదిలో ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ దీపం, దానికి నేరుగా కనబడని మూల ఒక కన్ను. పొగ లోపలికొస్తే వెలుగు చెదిరి కన్ను మీద పడుతుంది. పొగే కానక్కర్లేదు, ఆవిరైనా సాలీడైనా దానికి ఒకటే. సుప్రభాత సేవ టికెట్టున్న భక్తులు అర్ధరాత్రి ఒంటిగంటకే లేచి, గీజర్ నీళ్లు పోసుకుని, బాత్రూము తలుపు బార్లా తెరుస్తారు. తలుపు పైనే డిటెక్టర్. సాయంత్రం రిసెప్షన్‌లో సాంబ్రాణి, కార్తీకంలో గదిలోనే దీపాలు. తప్పు భక్తులది కాదు. అక్కడ ఆ డిటెక్టర్ పెట్టినవాడిది. బాత్రూము తలుపుకు దూరంగా, గోడకూ దూలానికీ కనీసం అర మీటరు ఎడంగా, ఏసీ గాలి కొట్టే చోటుకు ఒక మీటరు అవతల పెట్టాల్సింది. వంటింట్లోనైతే పొగది కాదు, వేడిది పెట్టాలి. ఇక పెయింటింగ్ రోజుల్లో దుమ్ము పడకుండా తొడిగిన ప్లాస్టిక్ టోపీలు ఇప్పటికీ కొన్ని లాడ్జీల్లో అలాగే ఉన్నాయి. ఆ గదుల్లో ఉత్త అలారాలు అస్సలు రావు. మిగతా గదుల్లో నాలుగు రాత్రులు వరసగా వస్తే ఏమవుతుందో తమరికే తెలుసు.

"ఏమబ్బా, ఆ పెట్టె అట్ల అరస్తా ఉండాదే?"

"ఏం లేదు సామీ, అది అట్నే అరస్తాది. ఆ బటన్ నొక్కితే గమ్మునుంటాది."

ముందు బటన్. తర్వాత బజర్ మీద టేపు. ఆ తర్వాత జోన్‌నే డిజేబుల్ చేసి, ఆపేశారని చెప్పే పసుపు దీపానికి బొట్టు పెట్టడం.

బ్యాటరీల గురించి రాయాలంటే చెయ్యి రావడం లేదు. తిరుపతి పక్కనే కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ, బ్యాటరీలు అమ్మే కొట్టు ప్రతి సందులో. అయినా తమరి అడుగున ఉండాల్సిన 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు రెండూ బతికి ఉన్న లాడ్జి దొరకడం గగనం. లెక్క పెద్దదేం కాదు. మామూలుగా 150 మిల్లీ ఆంపియర్లు, 24 గంటలకు 3.6. హూటర్లు మోగితే 1.5 ఆంపియర్లు, అరగంటకు 0.75. మొత్తానికి పాతిక శాతం కలిపితే దాదాపు 5.4. అంటే ఏడు సరిపోతుంది, బ్యాటరీ కొత్తదైతే. మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన, తలుపేసిన అరలో మే నెలలో ఉండే వేడికి దాని ఆయుష్షు సగమవుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి పదికీ సగం అని లెక్క. ఒకటి చస్తే ఒకటే మార్చడం ఇంకో ఆదా: పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. మెయిన్ ఆపి, హూటర్లు మోగించి, రెండు బ్యాటరీల మీద కలిపి వోల్టేజీ చూడండి. అరగంటలోపే 21 దాటి కిందికి జారితే రెండూ మార్చాల్సిందే.

హూటరుది ఇంకో కథ. మీటరు దూరంలో 100 డెసిబెల్స్ అని డబ్బా మీద ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు పోతుంది. కారిడార్ చివర, 8 మీటర్లకు 82. మూసిన తలుపు ఇంకో ఇరవై తింటుంది. తలగడ దగ్గర మిగిలింది 62. నిద్రపోయేవాణ్ణి లేపాలంటే 75 కావాలి. కొండ నడిచి దిగొచ్చినవాణ్ణి లేపాలంటే ఎంతో ఏ ప్రమాణంలోనూ రాసిలేదు. అంతస్తుకు ఇంకో రెండు హూటర్లు పెట్టమంటే, కస్టమర్లకు డిస్టర్బెన్స్ అన్నారు.

దసరాకు తమరికి జరిగే మర్యాద మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ఆయుధపూజ నాడు దుమ్ము తుడిచి, పసుపు పూసి, బంతిపూల దండ వేసి, తలుపు హ్యాండిల్‌కు నిమ్మకాయ కడతారు. సంవత్సరానికి తమరి ముందు నిలబడి తమరిని చూసేది ఆ ఒక్కసారే. మళ్లీ చూసేది ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం, రెన్యువల్ తనిఖీ ముందు రోజు. అప్పుడు మాకు ఫోనొస్తుంది: "రేపు పొద్దున్నే వస్తారంట, పచ్చదీపం ఒకటి వెలిగించేసి పోండన్నా."

ఇట్లు,
తమరి లోపలి తీగల రంగులు తెలిసినవాళ్లు

తా.క. పరీక్ష పేరుతో డిటెక్టర్ కింద అగరబత్తి కట్ట పట్టుకోవద్దని రిసెప్షన్ అబ్బాయికి చెప్పండి. దాని జిడ్డు లోపలి నల్ల గోడలకు పట్టుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది, మూడు నెలల్లో ఉత్త అలారాలు మొదలవుతాయి. టెస్ట్ స్ప్రే అని డబ్బా దొరుకుతుంది, దాన్ని వాడమనండి. జోన్‌కు ఒకటి కాదు, ప్రతి తలా చూడమనండి, టోపీ తీసి.