పాతికేళ్ల ‘అత్యవసరం’

కెనడాలో హడ్సన్ బే ఒడ్డున, చర్చిల్‌కు తూర్పున ఉన్న లా పెరూజ్ బే దగ్గర పరిశోధకులు ఉప్పుచిత్తడిలో అక్కడక్కడ చిన్న జాగాలకు కంచె కట్టారు. కంచె లోపల గడ్డి పచ్చగా నిలిచింది. బయట నెర్రెలిచ్చిన బురద, దాని మీద తెల్లగా పేలిన ఉప్పు. ఈ తేడా అంతా స్నో గూస్ అనే తెల్ల బాతు చలవే. మంచు కరిగీ కరగకముందే వచ్చి దిగే ఈ పక్షులకు పైన మొలకలు దొరకవు. ముక్కుతో మట్టిని పెకలించి వేళ్లు, దుంపలు తింటాయి. గడ్డి కప్పు పోయిన నేలలో నీరు త్వరగా ఆవిరై, అడుగున ఉన్న ఉప్పు పైకి తేలుతుంది. ఆపై విల్లో పొదలు ఎండుతాయి, నేలలోని పురుగులు తగ్గుతాయి, అక్కడ గూడు కట్టుకునే సవానా పిచ్చుకలకు చోటు కరవవుతుంది. ఒకసారి అలా పాడైన చిత్తడి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

కాబట్టి ఈ బాతులు చిత్తడిని పాడుచేస్తున్నాయి, వేటతో వాటిని తగ్గించాలి అన్నది వేటగాళ్లు అల్లిన కథ కాదు. ఆర్కిటిక్ ఆవాసాలు ప్రమాదంలో పడ్డాయని నిపుణుల బృందం 1997లో నివేదిక ఇచ్చింది. రెండేళ్లకు అమెరికా వన్యప్రాణి శాఖ వేట నిబంధనలు సడలించింది. జంతు సంక్షేమ సంఘాలు కోర్టుకెక్కడంతో వెనక్కి తగ్గినా, 1999 నవంబరులో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఏకంగా ‘అత్యవసర’ చట్టమే చేసి ఆ సడలింపులను నిలబెట్టింది. మామూలు సీజన్ ముగిశాక, వసంతంలోనూ కాల్చవచ్చు. రోజుకు ఇన్నే అన్న లెక్క లేదు. రికార్డు చేసిన బాతు కూతలతో పక్షులను రప్పించవచ్చు. వలస పక్షులకు వసంతంలో రక్షణ కల్పించిన 1916 నాటి అమెరికా–కెనడా ఒప్పందాన్ని ఎరిగిన ప్రజలు దీనికి సమ్మతించారంటే, ఆ ‘అత్యవసరం’ అన్న మాటను నమ్మారు గనకే.

నమ్మని వారి వాదనలోనూ బలం ఉంది. ఈ బాతుల సంఖ్యను పెంచిందెవరు? ఒకప్పుడు అమెరికా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరపు చిత్తడుల్లో చలికాలం గడిపి, బక్కచిక్కి ఉత్తరానికి మళ్లిన పక్షులకు ఎరువులతో పండించిన వరి, మొక్కజొన్న, గోధుమ చేలు విందు పరిచాయి. రాలిన గింజలు తిని బలిసి వెళుతున్నాయి, ఎక్కువ పిల్లలను చేస్తున్నాయి. తప్పు పొలాలది, తూటా పక్షికి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే ఇది. అయితే ఆ పొలాలను ఎవరూ వెనక్కి తీసుకోబోరు గనుక, చేతులు కట్టుకు కూర్చోవడం చిత్తడికి ఉరి వేయడమే అవుతుందన్న జవాబునూ మేము కొట్టిపారేయం.

మా అభ్యంతరం వేరు. ఉత్తర అమెరికా ఖండం మధ్య భాగం మీదుగా వలసపోయే స్నో గూస్‌లను సగానికి తగ్గిస్తామన్నది నాటి మాట. 2011లో వెలువడిన సమగ్ర అధ్యయనం ఏం తేల్చింది? కాల్చినవి పెరిగాయి, కానీ పక్షులు అంతకంటే వేగంగా పెరిగాయి. మొత్తంలో వేటకు పడిపోయినవి పిసరంతే. క్యూబెక్‌లో సెయింట్ లారెన్స్ నది వెంట ఆగే గ్రేటర్ స్నో గూస్ అనే పెద్ద ఉపజాతి సంగతి కాస్త నయం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కొన్ని వేలే ఉన్న ఆ ఉపజాతి ఆ శతాబ్దం చివరికి పది లక్షల దాకా చేరగా, 1999లో మొదలైన వసంత వేట ఆ పెరుగుదలకు కళ్లెం వేసింది. అంటే వేట కొన్నిచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల చేయదు. రెండుచోట్లా అదే ‘ఆవాస రక్షణ’ మంత్రం చదివితే ఎలా?

ప్రజలకు చంపడం కంటే పారేయడమే ఎక్కువ బాధిస్తుంది. కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం 2018లో కార్మరెంట్లను (నీటికాకులను) రోజుకు 50 దాకా కాల్చి, మాంసం పాడైనా ఫర్వాలేదని ప్రతిపాదిస్తే పెద్ద దుమారం రేగింది. 2020లో అది రోజుకు 15కు, శరదృతువుకే పరిమితమైంది. ఆ పక్షిని తినేవారు అరుదు. స్నో గూస్‌ను తినవచ్చు. కెనడా ఉత్తరాది ఆదివాసులైన క్రీ, ఇన్యూట్ ప్రజలు దాన్ని వేటాడి తింటున్నారు, ఆ వేటను ఎవరూ తప్పుపట్టరు. దక్షిణాన మాత్రం కొందరు వేటగాళ్లే దానికి ‘స్కై కార్ప్’ అని ఎగతాళి పేరు పెట్టారు. చౌకబారు చేపతో పోల్చిన పక్షిని వందల లెక్కన కాల్చి ఫొటో దిగడం ఏ చిత్తడిని కాపాడుతుందో వారే చెప్పాలి.

ఇటీవలి సంవత్సరాల్లో ఆర్కిటిక్‌లో ఈ బాతుల పిల్లలు తక్కువగా పెరుగుతున్నాయి. పెద్ద బాతులు తొలిచేసిన నేలలోనే పెరిగే పిల్లలు చిన్నవిగా, బలహీనంగా మిగులుతాయని లా పెరూజ్ బే పరిశోధన ఎప్పుడో చూపింది. ఈ స్థితిలో 1999 నాటి ఆదేశాన్ని అలాగే కొనసాగించడం అలవాటే తప్ప విధానం కాదు. ఏటా ఎన్ని పక్షులు పడ్డాయో వన్యప్రాణి శాఖలు అంచనా వేసి ప్రకటిస్తాయి. ఆ పట్టికలోనే, పక్క గడిలో, ఆ ఏడాది ఎంత చిత్తడి తిరిగి పచ్చబడిందో కూడా అచ్చువేయాలి. ఆ గడి వరసగా కొన్నేళ్లు ఖాళీగా ఉంటే, వసంత వేటకు ఇచ్చిన అనుమతిని కాంగ్రెస్ మళ్లీ చర్చకు తేవాలి.