అర్జెంటు బండికి టన్నులతో పనేమిటి?

నిన్న రాత్రి కూడా ఒక అబ్బాయి ఫోను చేశాడు. తిరుచానూరు దగ్గరివాడు, పాతికేళ్లు దాటి ఉండవు. వాళ్ల అమ్మ నగలు కుదువబెట్టి ఒక డీజిల్ పెట్టె బండి, అంటే వెనుక అన్ని వైపులా మూసిన పెట్టె కట్టిన సరుకు బండి కొని, ఫ్యాక్టరీలకు అర్జెంటు సరుకు చేరవేయాలని అతని ఆలోచన. మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "అన్నా, ఏ బండి ఎక్కువ బరువు లాగుతుంది?"

ఈ ప్రశ్న వింటే నాకు భయం వేస్తుంది. 2020 చివర్లో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని షోరూముకు వెళ్లాను. అవసరానికి మించిన బండి కొన్నాను. ఆ తప్పు తీర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

అర్జెంటు సరుకు అంటే ఏమిటో ముందు అర్థం చేసుకోండి. శ్రీసిటీలోనో రేణిగుంటలోనో ఒక ఫ్యాక్టరీలో ఒక్క విడిభాగం లేక తయారీ లైను ఆగుతుంది. రాత్రి పదకొండుకు మనకు ఫోను వస్తుంది. చెన్నైలో నాలుగు అట్టపెట్టెలు సిద్ధంగా ఉన్నాయి, తెల్లవారేసరికి ఇక్కడ ఉండాలి. ఆ నాలుగూ కలిపి తూకం వేస్తే నూట యాభై కిలోలు ఉండవు. వాళ్లు మనకు బాడుగ ఇచ్చేది ఆ బరువుకు కాదు, ఆగిపోయిన వాళ్ల గంటలకు. మదనపల్లె మార్కెట్టు నుంచి టమాటా ఎత్తే బండికి బరువే కూలి. అక్కడ టన్ను లెక్క చూడాల్సిందే. మనది వేరే వ్యాపారం. నా బాడుగల పుస్తకం తిరగేస్తే టన్ను దాటిన లోడ్లు చేతివేళ్లకు సరిపోతాయి.

మనం ఉన్న చోటు చూడండి. పుత్తూరు, నగరి దాటితే తమిళనాడు. పలమనేరు దాటితే కర్ణాటక. మన బండి వారానికి నాలుగుసార్లు సరిహద్దు దాటక తప్పదు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. మొత్తం బరువు అంటే బండి, దాని మీద కట్టిన పెట్టె, డీజిల్, మనుషులు, సరుకు అన్నీ కలిపి ఆర్సీలో రాసి ఉన్న గరిష్ఠ పరిమితి. బొలెరో పికప్, దోస్త్, ఇంట్రా లాంటి బండ్లలో చాలా మోడళ్లు ఈ గీతకు లోపలే ఉంటాయి. కొన్ని మాత్రం కొద్దిగా దాటిపోతాయి. అమ్మేవాడు ఆ తేడా చెప్పడు, "ఇంకో రెండు వందల కిలోలు ఎక్కువ పడుతుంది సార్" అని మాత్రం చెబుతాడు. ఆ రెండు వందల కిలోల కోసం పర్మిట్ ఖర్చును నెత్తికెత్తుకుంటారు. నేను కొన్న మొదటి బండి టాటా ఫోర్ జీరో సెవెన్ తరగతిది, ఆ గీత దాటినది. 1986 నుంచి ఈ దేశాన్ని మోస్తున్న బండి, దాన్ని నేను తప్పుపట్టను. తప్పు నాది. అర టన్ను సరుకుకు అంత బండిని చెన్నై వీధుల్లో తిప్పాను.

కారు లైసెన్సుతో సరుకు బండి నడపకూడదేమోనని చాలామందికి పాత భయం ఉంది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సందేహం తీర్చింది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని వేరే అనుమతి లేకుండా నడపవచ్చు. మన బండ్లన్నీ అందులోకే వస్తాయి.

ఇంజను గురించి ఎక్కువ చెప్పను. ఊళ్లో మాత్రమే తిరిగే పనికైతే కరెంటు బండి కొనుక్కోండి, మంచిదే. అర్ధరాత్రి బెంగళూరు వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావాలంటే ఇప్పటికీ నాకు డీజిలే ధైర్యం. ఒక్క సంగతి మరచిపోవద్దు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ సిక్స్ (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. రోజంతా ఊళ్లో ఆగి ఆగి తిప్పితే అది మసితో నిండుతుంది. హైవే మీద కొంతసేపు ఆగకుండా పరిగెత్తితే ఆ మసి కాలిపోయి శుభ్రమవుతుంది. మీటరులో దాని లైటు వెలిగితే నిర్లక్ష్యం చేయకండి. ఇక మొగిలి ఘాట్‌లో, భాకరాపేట ఘాట్‌లో దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు మీద కాలు పెట్టి దిగినవాళ్ల కథలు మన జిల్లాలో అందరికీ తెలుసు.

అసలు డబ్బు పెట్టాల్సింది పెట్టె మీద. ఇది నాకు 2021 నవంబరులో తెలిసివచ్చింది. తిరుపతి వీధులు వాగులైన వారం అది. చెన్నై నుంచి రేణిగుంటకు ఎలక్ట్రానిక్ బోర్డుల పెట్టెలు తెచ్చాను. వానలోనే వచ్చాను, సమయానికే వచ్చాను. తలుపు తీస్తే కింది వరుస అట్టపెట్టెలు మెత్తబడి ఉన్నాయి. వెనుక తలుపు రబ్బరు కింద మూలలో అంటుకోలేదు. చక్రాలు చిమ్మిన నీరంతా అక్కడి నుంచి లోపలికి వచ్చింది. సరుకు దింపుకోలేదు, తిప్పి పంపారు. బండి బీమా సరుకు నష్టాన్ని కట్టదని, దానికి వేరే బీమా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. బాడీ కట్టినతను "వానకు ఎవరైనా ఏం చేస్తారు" అన్నాడు. ఆ ఫ్యాక్టరీ మళ్లీ నన్ను పిలవలేదు.

అందుకే చెబుతున్నాను. పెట్టెను ఇనుప రేకుతో కాకుండా అల్యూమినియంతో కట్టించండి. ఖరీదు ఎక్కువే. కానీ 3,000 కిలోల గీత లోపల ఉన్నప్పుడు పెట్టె ఎంత బరువు పెరిగితే సరుకుకు అంత తగ్గుతుంది. నా మొదటి ఇనుప పెట్టె ఆరు వందల కిలోలు తూగింది. ఇప్పటిది అందులో సగం కూడా లేదు. పెట్టె ఎక్కించాక వేబ్రిడ్జి మీద ఖాళీ బండిని తూచి, ఆ బరువే ఆర్సీలోకి ఎక్కేలా చూసుకోండి. తర్వాత ఓవర్‌లోడు అంటే జరిమానా 20,000 రూపాయల నుంచి మొదలవుతుంది.

కొలతలు బయటి నుంచి తీయకండి, లోపలి గోడ నుంచి లోపలి గోడకు తీయండి. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడే ప్యాలెట్ (సరుకు పేర్చే పీట) 1,200 మిల్లీమీటర్ల పొడవు, 1,000 వెడల్పు. పక్కపక్కన రెండు పెట్టాలంటే ఆరున్నర అడుగులకు పైగా కావాలి, ఈ తరగతి పెట్టెలకు అంత వెడల్పు ఉండదు. ఒకదాని వెనుక ఒకటి పెట్టాలి. లోపల తొమ్మిది అడుగుల పొడవుంటే రెండు సుఖంగా పడతాయి. గోడల పొడవునా బెల్టులు తగిలించే ఇనుప పట్టాలు రెండు ఎత్తుల్లో వేయించండి. తాడుతో కట్టిన సరుకు మలుపుల్లో జారుతుంది, బెల్టుతో బిగించినది కదలదు. ఎత్తు మరీ పెంచకండి. నాయుడుపేట నుంచి తడ వైపు వెళ్లేటప్పుడు పక్కగాలి ఎత్తు పెట్టెను నెడుతుంది, నగరంలో రైలు వంతెనల కింద తల తగులుతుంది. పైకప్పుకు తెల్ల రంగు వేయించండి. మే నెలలో లోపల చెయ్యి పెట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఇక డ్రైవరు. ఈ వ్యాపారంలో సగం పని కాచుకుని ఉండటమే. పగలంతా గేటు బయట ఎండలో కూర్చున్న మనిషిని రాత్రి రెండింటికి నడపమంటాం. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మొత్తం బరువు 3,500 కిలోల లోపు బండ్లకు ఆ నిబంధన వర్తించదు. అంటే మన డ్రైవరుకు చల్లదనం మన దయాదాక్షిణ్యాల మీద ఉంది. ఏసీ ఉన్న మోడలే కొనండి, దయచేసి. అమెరికాలో ఇదే పని చేసే పెట్టె లారీల్లో క్యాబిన్ వెనుకే పడక ఉంటుంది. భార్యాభర్తలు వంతులవారీగా నడుపుతూ బతికే జంటలు కూడా ఉన్నాయి. మన చిన్న క్యాబిన్‌లో కాళ్లు చాపే చోటు లేదు. కాబట్టి బెంగళూరు రాత్రి బాడుగకు ఇద్దరిని పంపుతాను, లాభం తగ్గినా సరే. నగరి దాటాక ఒక రాత్రి స్టీరింగు మీద నా కళ్లే మూతపడ్డాయి. టైరు మట్టిలోకి దిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. పెట్టెలో పడుకోవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. తలుపులు మూస్తే అందులో గాలి ఆడదు, ఆ పని చేయకండి, చేయనివ్వకండి.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ మిగిలిన డబ్బుతో ఇంకో మెట్టు పెద్ద బండికి వెళ్లమని షోరూంలో చెబుతారు. వెళ్లకండి. ఆ డబ్బు పెట్టెకు, ఏసీకి, సరుకు బీమాకు పెట్టండి. ఒక చిన్న మాట: సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం ఉండాలి. దారిలో బండి చెడిపోయి సరుకు వేరే బండికి మారిస్తే, ఆ బండి నంబరు బిల్లులో మార్చాకే కదలండి.

తిరుచానూరు అబ్బాయికి ఇదంతా చెప్పాను. బాడీ ఎక్కడ కట్టించాలి అన్నా అని అడిగాడు. ఎక్కడ కట్టించినా ఒక పరీక్ష చేయమన్నాను. మిట్టమధ్యాహ్నం పెట్టె లోపలికి వెళ్లి, బయట ఉన్నవాళ్లతో తలుపు మూయించి, నిమిషం సేపు నిలబడాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎక్కడ వెలుతురు గీతలా కనిపిస్తే అక్కడి నుంచే నీరు వస్తుంది. నా రెండో బండికి అలాగే చేశాను. ఎడమ తలుపు కింది మూలలో సన్నగా కనిపించింది. రబ్బరు మార్పించి, గొట్టంతో పావుగంట నీళ్లు కొట్టించి, నేల పొడిగా ఉందని చేత్తో తడిమి చూశాకే మిగతా డబ్బు ఇచ్చాను.